మార్గనిర్మాత థామస్ టెల్ఫర్డు

స్కాట్లండు దేశపు దక్షిణభాగమున ఎస్క్ అను నది కలదు. ఆ నది లోయలో, వెస్టర్‌కర్క్ గ్రామసీమయందు, 1757వ సంవత్సరము ఆగష్టు 9వ తేదీన ఒక గొఱ్ఱెలకాపరి యింట థామస్ టెల్ఫర్డు జన్మించెను. కొలది నెలలకే తండ్రి మరణించెను. తల్లి కాయకష్టము చేసి బిడ్డను పెంచెను. బాలుడు గ్రామ పాఠశాలలో చదువుకొని, పదునాలుగవ యేట రాతిపనిలో శిష్యుడుగా కుదిరెను. ఆ దినములలో లాంగ్‌హోమ్ పట్టణమునందలి యొక వృద్ధురాలు అతనికి తన పుస్తకములను ఎరువిచ్చుచుండెను. మిల్టను మహాకవి కావ్యము అతని చేతబడినది అట్లే.

1782లో అతడు లండను చేరి రాతిపని చేసెను. 1787లో శ్రాప్‌షైరు మండలమున ప్రభుత్వ నిర్మాణముల పర్యవేక్షకుడయ్యెను. కాలువలు, వంతెనలు పెక్కు కట్టించెను. కాని అతని బుద్ధివిశేషము వెల్లడియైనది ఉత్తర స్కాట్లండు కొండసీమలో.

ఆ సీమలో పూర్వము సైన్యము కొఱకు వేసిన బాటలు కొన్ని మాత్రమే యుండెను. పెక్కు యేళ్లకు వంతెనలు లేవు. జనులు వేలకొలదిగా ఓడలెక్కి అమెరికాకు వలసపోవుచుండిరి. 1801లోను, మరల 1802లోను ప్రభుత్వము టెల్ఫర్డును అచ్చటికి పంపెను. అతడు కొండలెక్కి, లోయలు దిగి, ఎచ్చట బాట వేయవలయునో, ఏ యేటికి వంతెన కావలయునో, వ్యయమెంత యగునో గణించి నివేదిక సమర్పించెను. భూస్వాములు విశాలభూములను గొఱ్ఱెల మేతకు మార్చుటయే వలసలకు ముఖ్యకారణమని అందు స్పష్టపఱచెను. గొఱ్ఱెలకాపరి కుమారుడే యీ మాట వ్రాయుట గమనింపదగినది.

1803లో ప్రత్యేక సంఘమేర్పడెను. బాటల వ్యయములో సగము ప్రభుత్వమును, సగము ఆ భూస్వాములును భరింపవలెనని నిర్ణయమాయెను. లాభము పొందువాడు పాలు పెట్టుట న్యాయమే గదా! సుమారు ఇరువది యేండ్లలో 920 మైళ్ల బాటలును, వేయికి మించిన వంతెనలును పూర్తియయ్యెను. బండి యెఱుగని లోయలకు బండ్లు వచ్చెను. అయినను వలసలు ఆగలేదు. భూమి దక్కని రైతునకు బాట యున్నను ఫలమేమి?

పిదప లండను నుండి హోలీహెడ్ రేవునకు పోవు బాటను బాగుచేయు భారము అతనిపై బడెను. అడుగున పెద్దరాళ్లను చేతితో పేర్చి, పైన చిన్న కంకర పఱచి, నీరు నిలువకుండ ప్రక్కలకు కాలువలు తీయించెను. గుఱ్ఱములు అలయకుండ, ఇరువది అడుగులకు ఒక అడుగుకంటె ఎక్కువ ఎత్తు లేకుండ చూచెను. మెనై జలసంధిపై ఇనుప గొలుసులతో వ్రేలాడు వంతెన కట్టించి, 1826 జనవరి 30న ప్రారంభింపజేసెను.

రైలుమార్గములయందు మాత్రము అతనికి గుఱి కుదురలేదు. 1829లో ప్రభుత్వ ఋణసంఘము పక్షమున లివర్‌పూల్–మాంచెస్టరు రైలుమార్గమును పరీక్షించియు, కాలువలయందలి అభిమానమును విడువలేదు. అతని యనంతరము కొద్దికాలమునకే రైళ్లు హోలీహెడ్ బాటపై గుఱ్ఱపుబండ్లను లేకుండ జేసెను. మోటారు బండ్లు వచ్చిన పిమ్మటనే ఆ బాటకు మరల ప్రాముఖ్యము కలిగెను.

అవివాహితుడగు టెల్ఫర్డు 1834 సెప్టెంబరు 2న కాలధర్మము చెందెను. వెస్ట్‌మినిస్టర్ దేవాలయమున అతనిని ఖననము చేసిరి. మరణశాసనమున అతడు లాంగ్‌హోమ్, వెస్టర్‌కర్క్ గ్రంథాలయములకు చెఱి 1,000 పౌండ్లు వ్రాసెను. వెస్టర్‌కర్క్ గ్రంథాలయము 1793లో గనికూలీలు నెలకొల్పినది. ఆ సొమ్ముపై వచ్చు వడ్డీతో ఏటేట పుస్తకములు కొనవలెనని యేర్పాటు.