కత్తి బయట, పాత్ర చేత

మన నెల్లూరు తీరాన ఏ పల్లెలో చూసినా తెల్లవారేసరికి టీ కొట్టు దగ్గర నలుగురు చేరతారు. అదే టీ వేళను ప్రార్థనగా మలుచుకున్న ఒక జపాను వీరుని గురించి ఈ వారం తెలుసుకుందాం. ఆయన ధన్యజీవి జుస్తో తకయామ ఉకోన్.

పునీత ఫ్రాన్సిస్ శౌరి 1545లో మనకు దక్షిణాన ఉన్న మైలాపూరులో కొంతకాలం ప్రార్థనలో గడిపారు. 1549లో జపానులో సువార్త విత్తనం చల్లిందీ ఆయనే. దాని ఫలాలలో ఒకరు ఉకోన్. 1552 ప్రాంతంలో పుట్టి, తండ్రి దారియో బాటలో బాల్యంలోనే జ్ఞానస్నానం పొందారు. 1573లో తకత్సుకి కోటకు ప్రభువయ్యారు. పేదవాని శవాన్ని మోయడం అక్కడ హీనమైన పని. అయినా ఆ తండ్రీకొడుకులు పేద క్రైస్తవుని పాడెను తమ భుజాలకెత్తుకున్నారు.

టీ విద్యలో మహాగురువైన సెన్ నో రిక్యూకు గల ఏడుగురు ముఖ్య శిష్యులలో ఉకోన్ ఒకరు. రిక్యూ తీర్చిన టీ గది వాకిలి చాలా చిన్నది. ఎంతటి ప్రభువైనా కత్తి బయట పెట్టి, వంగి లోపలికి పోవలసిందే. చిక్కని టీని ఒకే పాత్రలో కలిపితే అతిథులందరూ వంతులవారీగా అందులోనే తాగుతారు. ఆ గది నిశ్శబ్దంలో ఉకోన్ తనను తాను దేవునికి అప్పగించుకునేవారు. విదేశాల నుండి వచ్చిన యేసుసభ గురువులు కూడా టీ మర్యాద నేర్చుకుని, తమ నివాసాలలో దానికి చోటు కల్పించారు. అలా పరాయివారు అతిథులయ్యారు.

1587లో పాలకుడైన హిదెయోషి, విశ్వాసమో పదవో తేల్చుకోమన్నాడు. ఉకోన్ తన అకాషి సంస్థానాన్ని వదులుకున్నారు. 1614లో తొకుగవ ఇయెయసు దేశం నుండే వెళ్లగొట్టాడు. ఉకోన్ కుటుంబంతో, తోటి క్రైస్తవులతో ఓడెక్కి మనీలా చేరి, 1615 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశారు. శ్రీసభ 2017 ఫిబ్రవరి 7న ఒసాకాలో ఆయనను వేదసాక్షిగా, ధన్యునిగా ప్రకటించింది.

ప్రియులారా, మన తెలుగు పల్లెల్లో కులాన్నిబట్టి టీ కొట్టులో వేరే గ్లాసు పెట్టిన రోజులు మన పెద్దలకు గుర్తే. ఒకే పీఠం చుట్టూ ఒకే రొట్టెను పంచుకునే మనం, పూజ ముగిసి ఇల్లు చేరాక ఎవరికి ఏ గ్లాసులో టీ ఇస్తున్నాం? ఎవరిని గడప లోపలికి పిలుస్తున్నాం? ఆయన వదిలింది ఇనుప కత్తి. మనం గడప బయట వదలవలసిన కత్తి ఏదో ఈ ఆదివారం కుటుంబ ప్రార్థనలో ఆలోచించండి.