చీనా దేశపు వైద్యరాజు

చీనా దేశమున షాన్సీ రాష్ట్రములో యావోచౌ పట్టణమునకు చేరువగా ఒక కొండ కలదు. దానిని అక్కడివారు వైద్యరాజగిరి అంటారు. ఆ కొండమీది గుడిలో పూజలందుకొనే మూర్తి దేవతా కాదు, చక్రవర్తీ కాదు. పుట్టింది మొదలు రోగములతో తల్లిదండ్రుల ఇల్లు గుల్లచేసిన ఒక పల్లెటూరి పిల్లవాడు. అతని పేరు సున్ సిమియావో.

ఆయన జననము క్రీ. శ. 581 అని సంప్రదాయము. సూయి వంశము సింహాసనమెక్కిన సంవత్సరమది. కాని 557లోనే చనిపోయిన ఒక సేనాని ఈ బాలుని మేధకు మెచ్చుకొన్నాడని తాంగ్ చరిత్రలో ఉండుటచేత, కొందరు పండితులు పుట్టుకను నలుబది ఏండ్లు వెనుకకు జరిపినారు. ఏది ఎట్లున్నా, ఏడవ ఏట దినమునకు వేయి అక్షరములు కంఠస్థము చేసేవాడన్నది, కషాయముల ఖర్చుకు ఆ ఇంటి ఆస్తి హరించిపోయినదన్నది అందరూ ఒప్పుకొనే మాటలు. ఈ రెండవ సంగతిని ఆయన తన గ్రంథములో స్వయముగా చెప్పుకొన్నాడు. మందు కొనలేక మనుష్యులు చనిపోతారన్న సత్యము ఆయనకు పుస్తకములలో దొరికినది కాదు, ఇంటిలో చూచినది.

పెద్దవాడైన తరువాత కొలువులు ఆయనను వెదకికొని వచ్చినవి. సూయి చక్రవర్తి పిలిచినాడు, రాలేదు. తాంగ్ వంశపు తైజోంగ్ రాజధాని చాంగానుకు రప్పించి, ఆ వయస్సులో చెక్కుచెదరని ఆయన రూపమును చూచి ఆశ్చర్యపడి పదవి ఇవ్వజూపినాడు; పుచ్చుకోలేదు. 659లో గావోజోంగ్ చక్రవర్తి సలహాదారు పదవి ఇచ్చినా అదే జవాబు. పూర్వరాజుల చరిత్రలు వ్రాయుటకు నియుక్తులైన పండితులు మాత్రము సందేహము కలిగినప్పుడెల్ల ఆయన వద్దకు వచ్చేవారట. కళ్ళతో చూచినట్లు చెప్పేవాడని ప్రతీతి.

652లో ఆయన తన మహాగ్రంథమును ముగించినాడు. ముప్పది సంపుటములు, సుమారు 5300 యోగములు. మనుష్యుని ప్రాణము వేయి బంగారు కాసులకంటె విలువైనదన్న భావముతో దానికి సహస్రసువర్ణ యోగములని అర్థము వచ్చే పేరు పెట్టినాడు. ఆ గ్రంథపు అమరికలోనే ఆయన మనస్సు తెలుస్తుంది. రాజులకు వచ్చే జబ్బులతో మొదలు పెట్టలేదు. మొదట స్త్రీల వ్యాధులు, ఆ పిమ్మట శిశువుల వ్యాధులు. స్త్రీవైద్యమును గురించిన మూడు సంపుటములను ఆడపిల్లలకు చదివించవలెనని, దాదులు సైతము ఒక ప్రతి వ్రాసికొని దగ్గర ఉంచుకొనవలెనని ఆయన కోరినాడు. ఏడవ శతాబ్దములో వైద్యవిద్యను ఇంత నిస్సంకోచముగా వంటింటి గడప దాటించినవారు అరుదు.

ఇరువదియారవ సంపుటము కేవలము ఆహారమును గూర్చినది. పండ్లు, కూరలు, ధాన్యములు, మాంసములు అని విభజించి, ఒక్కొక్కదాని రుచి, గుణము, దోషము చెప్పినాడు. ఆయన సిద్ధాంతము సులభమైనది. వైద్యుడు మొదట రోగమూలమును తెలిసికొనవలె. దానికి తగిన భోజనముతో నయము చేయజూడవలె. అది చాలనప్పుడే మందుపెట్టె తెరవవలె. ఔషధములను ఆయన సైన్యముతో పోల్చినాడు. శత్రువును తరిమే దండు ఊరిని కూడ తొక్కివేయగలదు గదా! మన ఇండ్లలో జ్వరపడిన బిడ్డకు ముందు చారన్నము, ఆ తరువాత మాత్ర అనే ముసలమ్మలకు ఈ మాట కొత్తగా తోచదు.

అయితే ఆయన పథ్యము కంచముతో ఆగలేదు. కూర్చున్నవాని మనస్సును కూడ అడిగినది. భోజనవేళ చింతలను పక్కన పెట్టవలెనని, ముద్ద నోట ఉండగా కోపము తెచ్చుకొన్నవానికి బెదురు, పిచ్చికలలు తప్పవని హెచ్చరించినాడు. మితముగా తినవలె, నోరు పుక్కిలించవలె, కడుపును అరచేతితో నిమురుకొంటూ కొన్ని అడుగులు నడవవలె. తిని వెంటనే పడుకొనుట సర్వరోగములకు మూలమన్నాడు. దిగులునకు, అజీర్ణమునకు గల చుట్టరికమును నేటి వైద్యులు నాడీమండలము పేర వివరిస్తున్నారు. ఆయన దానిని రోగుల ముఖములు చూచి కనిపెట్టినాడు.

పెద్ద జబ్బు చేసి లేచిన తరువాత గాబరాతో నిద్రపట్టనివారికి ఆయన గ్రంథములో ఒక కషాయమున్నది. దానిలో మూడు పాళ్ళు కమలాఫలపు తొక్క, నాలుగు పాళ్ళు పచ్చి అల్లము. వీటికి తోడు అతిమధురము, వెదురు చెక్కు తురుము, ఎండిన నారింజ పిందెలు, మన కంద, చేమల జాతికి చెందిన ఒక దుంప. ఆ దుంప పచ్చిగా విషము. శుద్ధిచేసి గాని వాడరాదు. కాబట్టి ఇది ఇంట ప్రయత్నించవలసిన యోగము కాదు. కాని అల్లమును, తొక్కను గమనించండి. వాంతికి అల్లమును మించినది లేదని ఆయన నమ్మినాడు. మన శొంఠి కషాయపు నమ్మకమూ అదే. ఇక తొక్క సంగతి. హైదరాబాదు నగరపు పండ్ల బజారు 2021లో గడ్డిఅన్నారమునుండి విజయవాడ దారిలోని బాటసింగారమునకు తరలినది. అక్కడ దిగే సంత్రాలను కొని తినేవారిలో ఎందరు తొక్కను దాచుకొంటారు? చీనా గృహిణి దానిని ఎండబెట్టి ఏండ్ల తరబడి నిలవచేస్తుంది. ఎంత పాతదైతే అంత వెల.

ఈ వైద్యుని విద్యలో మన దేశపు పాలు కూడ ఉన్నది. పంచభూతములలో నాలుగింటికి ఒక్కొక్కదానికి నూటొక్క రోగములని, మొత్తము 404 అని ఆయన చెప్పిన లెక్క బౌద్ధులది. బుద్ధుని కాలపు జీవకుని పేరిట యోగములను, పదునెనిమిది భంగిమల భారతీయ అంగమర్దన పద్ధతిని ఆయన తన గ్రంథములలో చేర్చినాడు. సూయి వంశ చరిత్రలోని గ్రంథపట్టికలో నాగార్జున బోధిసత్త్వుని ఔషధయోగములన్న పుస్తకము కనబడుతుంది. వేంగిని, ధాన్యకటకమును దర్శించిన హుయాన్‌త్సాంగ్ యాత్రికుడు 645లో చాంగాను చేరినప్పుడు సున్ సిమియావో జీవించియే ఉన్నాడు. కృష్ణాతీరమునకు, ఆ కొండలకు నాడు మనము అనుకొన్నంత దూరము లేదు.

ఆయన చెప్పినవన్నీ నేడు నిలుస్తాయనుట అతిశయోక్తి. ఈ రెండు పదార్థములు కలిపి తినరాదన్న నిషేధములలో పెక్కింటికి ఆధారము లేదు. కాని రేచీకటికి జంతువుల కాలేయము తినిపించినాడు. అందులో ఎ విటమిను ఉన్నదని తెలియుటకు పండ్రెండు వందల ఏండ్లకు పైగా పట్టినది. కొండవాసుల గొంతువాపునకు సముద్రపు నాచు, లేడి గొంతు గ్రంథి ఇచ్చినాడు. అది అయోడిను వైద్యమే. కులీనులు మోజుపడి మ్రింగి ప్రాణములు పోగొట్టుకొనే అయిదు ఖనిజముల చూర్ణమును గురించి, ఆ యోగము ఎవరి కంటబడినా వెంటనే తగులబెట్టవలెనన్నాడు. రసవాదమునందు తనకు మక్కువ ఉండి కూడ ఆ మాట అనుట గమనార్హము.

అన్నింటికంటె ఆయన నిజాయితీని చూపేది కుష్ఠురోగుల లెక్క. ఆరువందలకు పైగా రోగులను చేతులారా సాకినానని, పదింట ఒకరే కోలుకొన్నారని వ్రాసిపెట్టినాడు. విజయములను మాత్రమే చాటుకొనే వైద్యులు ఏ కాలములోనూ తక్కువ కారు.

ఓడిపోయిన రోగులలో ఒకని కథ సాహిత్యములో నిలిచిపోయినది. లూ చావోలిన్ ఆ తరపు నలుగురు ప్రసిద్ధకవులలో ఒకడు. అంగములను కుంగదీసే వ్యాధితో 673లో చాంగానులో మంచము పట్టి, ఒక రాజకుమార్తె పేర ఉన్న పాత భవనములో ఈ వృద్ధగురువు పక్కనే ఉన్నాడు. ఆ వేసవి చక్రవర్తి కొండవిడిదికి పోతూ గురువును వెంటరమ్మన్నాడు. కవి మూడు నెలలు తలుపు మూసికొని ఒంటరిగా పడియున్నాడు. ముంగిలిలో ఉన్నది ఒకే ఒక్క చెట్టు: పూత, కాయ వాడిపోయిన పీయరు చెట్టు. దానిని చూచి ఆయన ఒక కావ్యము వ్రాసినాడు. చెట్టుకు వచ్చిన తెగులు ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. గురువు చెప్పిన పథ్యము, నిబ్బరము ఆ దేహమును నిలబెట్టలేకపోయినవి. కొన్ని ఏండ్ల తరువాత కవి యింగ్ నదిలో దిగి ప్రాణము విడిచినాడు.

674లో సున్ సిమియావో అనారోగ్యమని చెప్పి సెలవు పుచ్చుకొన్నాడు. చక్రవర్తి మంచి గుర్రమును బహూకరించినాడు. మొదటి గ్రంథము ముగిసిన ముప్పది ఏండ్లకు, దానికి అనుబంధముగా మరి ముప్పది సంపుటములు పూర్తిచేసినాడు. శిష్యుడు మెంగ్ షెన్ ఆహారవైద్యమునే ప్రత్యేక గ్రంథముగా పెంచినాడు. దాని తునుక ఒకటి దున్‌హువాంగ్ గుహలలో దొరికినది.

682లో ఆయన కన్నుమూసినాడు. సమాధిలో విలువైన వస్తువులేవీ పెట్టవద్దని, కర్మకాండలో మేకను గాని, మరే ప్రాణిని గాని బలి ఇవ్వవద్దని ముందే చెప్పి పెట్టినాడు. బ్రతికిన జీవిని చంపి మరొక జీవిని బ్రతికించరాదని, పొదగబోయే గుడ్డు విషయములో కూడ వెనుకాడవలెనని వైద్యులకు ఆయన బోధించిన నియమమది. కుటుంబమువారు అట్లే చేసినారు.