సాలార్‌జంగ్ గారి బొమ్మల సైన్యం

మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి హైదరాబాద్ వెళ్లిన కుటుంబాల్లో సాలార్‌జంగ్ మ్యూజియం చూడనివాళ్లు తక్కువ. అక్కడ అందరం చేసే పని ఒకటే. ముసుగు రెబెక్కా ముందు కాసేపు నిలబడతాం. పన్నెండు అవుతోందంటే గడియారం దగ్గరికి పరుగెత్తుతాం. చిన్న మనిషి బొమ్మ బయటికొచ్చి గంట కొడితే చప్పట్లు కొట్టి, బిర్యానీకి బయల్దేరతాం. ఆ హడావుడిలో పిల్లల విభాగం చాలామంది చూడకుండానే వచ్చేస్తారు. అక్కడ బొమ్మ సైనికుల దండు ఒకటి ఉంది. దాన్ని సేకరించినాయనకి పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. అంటే ఆ దండు ఎవరి కోసమో కాదు, ఆయన సరదా కోసమే.

ఆయన పేరు మీర్ యూసుఫ్ అలీ ఖాన్, మూడో సాలార్‌జంగ్. 1889 జూన్ 13న పుట్టారు. నెల తిరిగేలోపే తండ్రి పోయారు. తాత మొదటి సాలార్‌జంగ్ 1853 నుంచి 1883 దాకా, అంటే ముప్పై ఏళ్లు, హైదరాబాద్ రాజ్యానికి దివాన్. మన గద్వాల, వనపర్తి సంస్థానాలు ఏటా పేష్కష్ కట్టింది ఆ రాజ్యానికే. తండ్రి కూడా కొన్నేళ్లు దివాన్‌గా చేశారు. ఇక ఈ పిల్లాడు ఏమవ్వాలో ఎవరూ వేరే ఆలోచించే పని లేకపోయింది. మన ఇళ్లలో ఎంపీసీనా బైపీసీనా అన్నది ఏడో తరగతికే తేలిపోతుంది. ఆయనకి ఊయల్లోనే తేలిపోయింది.

నిజాం కాలేజీలో చదివారు. 1912లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆయన్ని దివాన్‌గా నియమించారు. అప్పటికి వయసు 23. రెండేళ్లు తిరిగాక, 1914 నవంబరులో, ఆయన రాజీనామా చేసి ఇంటికొచ్చేశారు. పాతికేళ్లకే అంత పదవి వదులుకున్న మనిషి గురించి నలుగురూ ఏమనుకుంటారో మనకి తెలియంది కాదు.

ఆ తర్వాత దాదాపు 35 ఏళ్లు ఆయన వస్తువులు సేకరించారు. చార్మినార్‌కి దగ్గర్లోని దివాన్ దేవిడీ ఆయన ఇల్లు. దేశవిదేశాల వ్యాపారులు అక్కడికే సరుకు తెచ్చి చూపించేవారు. యూరప్ వెళ్లినప్పుడు ఆయనే స్వయంగా కొనేవారు. నూర్జహాన్ బాకు, టిప్పు సుల్తాన్ దంతపు కుర్చీలు, రాతప్రతులు, పింగాణీ పాత్రలు... అందులోనే బొమ్మలు కూడా. నాకు బాగా నచ్చేది ఇదే. బాకు కొన్న చేత్తోనే బొమ్మ సైనికుణ్ణి కూడా తీసుకున్నారు. ఒకటి గొప్ప, ఒకటి చిన్నపిల్లల ఆట అని అనుకోలేదు.

అసలు ఆ కాలంలో బొమ్మ సైనికులంటే పెద్దవాళ్లకీ పిచ్చే. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ కంపెనీ వాళ్లు సీసం బొమ్మల్ని బోలుగా పోతపోయడం మొదలుపెట్టారు. కరిగిన లోహం అచ్చులో పోస్తే, అచ్చుకి తగిలిన పొర ముందు గట్టిపడుతుంది. వెంటనే లోపలి ద్రవాన్ని వంపేస్తారు. బొమ్మ తేలికవుతుంది, ధర తగ్గుతుంది. రంగులు మాత్రం చేత్తోనే వేయాలి. మన పిల్లలు లైబ్రరీలో చదివే 'టైమ్ మెషీన్' రాసిన హెచ్.జి.వెల్స్ ఈ బొమ్మలతో యుద్ధాలు ఆడే పద్ధతి మీద 1913లో 'లిటిల్ వార్స్' అని ఏకంగా ఒక పుస్తకమే రాశారు. అప్పటికి ఆయన వయసు 46. ఇప్పటికీ చాలా దేశాల్లో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు సాయంత్రం ఇంటికొచ్చి, రంగు వేయని బొమ్మలు ముందేసుకుని, ఒక్కొక్కటిగా దండు తయారుచేసుకుంటారు.

ఆ పని చూడ్డానికి తేలిక, చేస్తే తెలుస్తుంది. బొమ్మని సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ముందు తెలుపు పూయాలి, లేకపోతే పై రంగు పట్టదు. తర్వాత కోటు, బెల్టు, బూట్లు. గుండీలకి అగ్గిపుల్ల మొన చాలు. రెండంగుళాల మనిషికి కన్ను పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టాల్సిందే. పాత సీసం బొమ్మలు మాత్రం చిన్నపిల్లల చేతికి ఇవ్వొద్దు, సీసం ఒంటికి మంచిది కాదు. ప్లాస్టిక్‌వి, మట్టివి చాలు. ఏరువాకకి మట్టి ఎద్దులు చేసి రంగులద్దిన చేతులు మనవి. రాజుల దండు ఎక్కడో వెతకనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేట ఉంది కదా, ఆ పేరు ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్‌ది. వనపర్తి రాజా దగ్గరున్న ఆఫ్రికా రౌతులే తర్వాత నిజాం కొలువుకి వెళ్లారు. రంగు వేయడానికి అంతకన్నా మంచి రెజిమెంటు ఏముంటుంది?

మా ఏడో తరగతిలో ఒకబ్బాయి జములమ్మ జాతరలో కొన్న ప్లాస్టిక్ సోల్జర్లకి రంగులేసి పెన్సిల్ బాక్సులో తెచ్చాడు. వీక్లీ టెస్టులో వాడి పేరు పైన ఉండదు. ఆ రోజు మాత్రం లంచ్ బెల్ కొట్టినా వాడి బెంచీ చుట్టూ గుంపు కదల్లేదు. పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్ల నాన్నగారు దీనివల్ల ఏం లాభం మేడమ్ అని అడిగారు. అడగడం తప్పు కాదు, ఫీజు కట్టేది ఆయనే. సాలార్‌జంగ్ గారినీ ఇదే అడిగి ఉంటే ఆయన దగ్గరా జవాబు ఉండేది కాదేమో అన్నాను. ఆయన నవ్వారు. ఒప్పుకున్నారని నేననుకోను, కానీ బాక్సు మూత తీసి ఒక్కొక్క బొమ్మా చూశారు.

మూడో సాలార్‌జంగ్ 1949 మార్చి 2న కన్నుమూశారు. వారసులు లేరు. అన్ని వేల వస్తువులు ఏమవుతాయో తెలియని పరిస్థితి. ఎస్టేటు చూడ్డానికి ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. అప్పట్లో హైదరాబాద్ పరిపాలన చూస్తున్న ఎం.కె.వెల్లోడి, వాటిని మ్యూజియంగా అమర్చే పనికి కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌ని పిలిచారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే నెహ్రూ మ్యూజియం ప్రారంభించారు. 1961లో పార్లమెంటు దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది. బాకులతో పాటు బొమ్మ సైనికులూ తరలి వెళ్లారు.

ఈసారి వెళ్తే గడియారం అయ్యాక పిల్లల విభాగం ఎక్కడని అక్కడి స్టాఫ్‌ని అడగండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు.