బంగారు మందు: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం

కోలారు సీమలో నివసించే మనకు మట్టి విలువ ఒకరు చెప్పనక్కరలేదు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు గనుల పని చేపట్టినది మొదలు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడే వరకు, టన్నులకొద్దీ రాతిని పొడిచేసి గ్రాముల లెక్కన బంగారం తీయడం ఇక్కడివారు చూస్తూనే వచ్చారు. పిడికెడు మట్టిలోనుండి బంగారు వన్నె గల ఔషధాన్ని తీయించిన ఒక తెలుగు వైద్యుని చరిత్రను ఈ సంచికలో పాఠకులకు మనవి చేస్తున్నాము. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. వారి పేరు వినని తెలుగువారు అరుదు. కాని వారి ప్రాణాన్ని మొదట నిలిపినది మన ఆయుర్వేదమన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. పదమూడో ఏట చదువు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలని ఇల్లు వదిలి బయలుదేరారట. వర్తక కుటుంబాలలో పుట్టినవారికి ఇది పెద్ద నేరంగా తోచదు! తల్లి వెంకమ్మ గారు మాత్రం కొడుకును వెనక్కు రప్పించి మళ్లీ బడిలో కూర్చోబెట్టారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. తరువాత రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని కోరిక పుట్టింది. దానికీ తల్లి సమ్మతించలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజులలో ఖద్దరు ధరించినందున శస్త్రచికిత్స ఆచార్యునికి ఆగ్రహం కలిగి, సుబ్బారావు గారికి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కక తక్కువరకమైన ఎల్.ఎం.ఎస్.తో తృప్తిపడవలసి వచ్చింది.

ఆ కాలంలోనే ఆ ఇంటిపై పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో సోదరులిద్దరు ఎనిమిది రోజుల వ్యవధిలో కన్నుమూశారు. తిన్న తిండి వంటబట్టక, విరేచనాలతో మనిషి శల్యమై, రక్తం క్షీణించి పోయే జబ్బు అది. మన వైద్యులు సంగ్రహణి అనే రోగానికి దగ్గరిది. సుబ్బారావు గారికీ అదే పట్టుకున్నది. కళాశాలలో నేర్చిన వైద్యంలో దానికి విరుగుడు లేదు. అప్పుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు ఆయుర్వేద ఔషధాలిచ్చి ఆయనను బ్రతికించారు. లక్ష్మీపతి గారు ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదానికి వచ్చినవారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లిన రుక్మిణీ లక్ష్మీపతి గారి భర్త. ఆ కృతజ్ఞతయో, మరేదో గాని, సుబ్బారావు గారు మద్రాసులో లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం బోధించే ఉద్యోగంలో చేరారు.

మూలికలో పనిచేసినది ఏది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం ఆనాడు ఎవరి తరమూ కాలేదు. ఆకునో వేరునో దంచి, సారాయిలోనో నీటిలోనో నానబెట్టి, వడగట్టి, ఒక్కొక్క పదార్థాన్ని వేరుచేసి, అది సూక్ష్మక్రిములను చంపునో లేదో గాజు పళ్లెంలో పరీక్షించాలి. ఈ పని తరువాతి కాలంలో జరిగింది. వెల్లుల్లి మన వంటిళ్లలోకి రాదు. అయినా దానిలోని ఆలిసిన్ అనే క్రిమిసంహారిణిని 1944లో అమెరికాలో వేరుచేశారన్నది చెప్పవలసిన మాటే. పసుపులోని కర్కుమిన్‌కు ఈ గుణమున్నదని 1949లో ప్రకటించారు. మ్రానిపసుపు జాతి చెట్లలో బెర్బెరిన్ ఉంది. దాన్ని ఒంటరిగా ప్రయోగిస్తే క్రిమి తన ఒంట్లోనుండి బయటికి తోడి పారబోస్తుంది. అదే చెట్టులోని రెండవ పదార్థమొకటి ఆ తోడకాన్ని అడ్డుకుంటుందని 2000లో కనుగొన్నారు. మూలికను మొత్తంగా వాడాలనే మన వైద్యుల పట్టుదలలో కొంత అర్థమున్నదని దీనివల్ల తేలడం లేదూ?

1922లో సుబ్బారావు గారు కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయంతోను, మామగారి సొమ్ముతోను అమెరికాలోని బోస్టన్ చేరారు. భార్య శేషగిరి గారు పుట్టింట ఉండిపోయారు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కొడుకు పసితనంలోనే విసర్పమనే చర్మవ్యాధితో పోయాడు. అది కేవలం సూక్ష్మక్రిమి వల్ల వచ్చే జబ్బు. తండ్రి ఆ బిడ్డ ముఖమైనా చూడలేదు. బోస్టన్‌లో పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో నౌకరీ. హార్వర్డులో ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో వెలువరించారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాలపై పరిశోధనలు ఆ వెంటనే సాగాయి. ఇంత చేసినా అక్కడ స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ ఔషధ కంపెనీకి వెళ్లి, కొద్దికాలానికే పరిశోధనశాఖకు అధిపతి అయ్యారు.

అక్కడ ఆయన పిలిచి పనిచ్చిన వారిలో బెంజమిన్ డగ్గర్ ఒకరు. డెబ్బది దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో దేశమంతటి నుండి మట్టి తెప్పించి పరీక్షించసాగారు. చెట్టు కన్న మట్టిలోని బూజు వంటి జీవులకు క్రిములతో నిత్యం పోరు ఎక్కువ గనుక, వాటి వద్ద పదునైన ఆయుధాలుంటాయి. 1945లో మిస్సోరి విశ్వవిద్యాలయం పొలంలోని మట్టిలో బంగారు వన్నె గల జీవి ఒకటి దొరికింది. దాని మందుకు బంగారమని అర్థమొచ్చేటట్లు ఆరియోమైసిన్ అని పేరుపెట్టారు. పెనిసిలిన్‌కు లొంగని జబ్బులు కొన్ని దీనికి లొంగాయి. టెట్రాసైక్లిన్ అనే ఔషధ కుటుంబానికి ఇదే పెద్దబిడ్డ. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం ఎగబడి కొన్న గొట్టాలు ఆ కుటుంబంవే.

ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది కూడా ఆయన పరిశోధక బృందమే. ఆ విజయం 1945 నాటిది. అంతకుముందు స్ప్రూ రోగికి జంతువుల కాలేయపు సారం ఇచ్చేవారు. మన పాఠకులకు ఆ తేడా వివరించనక్కరలేదు. బోదకాలుకు వాడే హెట్రజాన్ 1947లో ప్రకటితమయింది. అది నేటికీ మన దేశంలో ఊరూరా పంచుతున్నారు.

ఇక స్ప్రూ మాట. నేడు దానికి వైద్యులు ముఖ్యంగా ఇచ్చేవి రెండు: టెట్రాసైక్లిన్, ఫోలిక్ ఆమ్లం. కొన్ని నెలలు వాడితే రోగి కోలుకుంటాడు. సోదరులిద్దరిని కాజేసిన జబ్బుకు కావలసిన ఫోలిక్ ఆమ్లమూ, టెట్రాసైక్లిన్ కుటుంబపు తొలి మందూ సుబ్బారావు గారి ప్రయోగశాల నుండి బయలుదేరినవే.

ఆరియోమైసిన్ సంగతి 1948 జూలైలో న్యూయార్కులో లోకానికి వెల్లడయింది. మూడు వారాలు తిరగకుండానే, ఆగస్టు 8వ తేదీ రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు గారు మరణించారు. అప్పటికి 53 ఏళ్లు. 1953లో కొత్తగా గుర్తించిన ఒక శిలీంధ్రానికి ఆయన జ్ఞాపకార్థం సుబ్బరోమైసిస్ అని పేరుపెట్టారు. 1922లో వీడ్కోలు తీసుకున్న శేషగిరి గారిని ఆయన మళ్లీ చూడలేదు.