పాత ఇంట్లో దొరికిన నవ్వులు: బస్టర్ కీటన్ కథ

కొన్నేళ్ల క్రితం మా అమ్మాయి స్కూల్లో మూకీ సినిమాల మీద ప్రాజెక్టు ఇచ్చారు. ‘ది జనరల్’ డీవీడీ చౌకగా దొరికితే కొన్నాను. బొమ్మంతా మసక. మనుషులు తరుముకొస్తున్నట్టు పరుగులు తీస్తున్నారు. వెనక ఏదో సంబంధం లేని సంగీతం. పది నిమిషాలకే పిల్ల లేచి వెళ్లిపోయింది. తర్వాత మా ఊరి లైబ్రరీలో అదే సినిమా రీస్టోర్ చేసిన బ్లూరే కనబడింది. ఈసారి చివరిదాకా కదలకుండా చూసి, మళ్లీ పెట్టమంది. సినిమా అదే, నటుడూ ఆయనే. తేడా అంతా ప్రింటుదే.

ఆ నటుడు బస్టర్ కీటన్. 1895 అక్టోబర్ 4న కాన్సాస్ రాష్ట్రంలోని పీక్వా అనే చిన్న ఊళ్లో పుట్టారు. అమ్మానాన్నలు ఊరూరూ తిరిగి ప్రదర్శనలిచ్చే కళాకారులు. పసివాడిగానే ఆయన స్టేజీ ఎక్కారు. తండ్రి అతన్ని స్టేజీ మీద బంతిలా విసిరేసేవాడు. పట్టుకోవడానికి వీలుగా చొక్కా వెనక సూట్‌కేసు పిడి కుట్టేవారు. పడుతున్నప్పుడు తను నవ్వితే జనం నవ్వరని ఆ వయసులోనే అర్థమైంది. నవ్వని ముఖం ఆయనకు అలా అలవాటైంది.

1917లో న్యూయార్క్‌లో హాస్యనటుడు రాస్కో ఆర్బకిల్ దగ్గర చేరడంతో సినిమా జీవితం మొదలైంది. కెమెరా ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న కుతూహలం మొదటి నుంచీ ఆయనకు ఎక్కువే. మధ్యలో సైన్యంలో చేరి ఫ్రాన్స్ వెళ్లొచ్చారు. 1920 నుంచి నిర్మాత జోసెఫ్ షెంక్ అండతో సొంత పద్ధతిలో సినిమాలు తీశారు. ‘వన్ వీక్’, ‘అవర్ హాస్పిటాలిటీ’, ‘షెర్లాక్ జూనియర్’, ‘ది నావిగేటర్’ అలా వచ్చినవే. ప్రమాదకరమైన విన్యాసాలు చాలావరకు తానే చేసేవారు. ‘షెర్లాక్ జూనియర్’ తీస్తుండగా రైల్వే ట్యాంకు నీళ్లు ఒక్కసారిగా మీద పడి, మెడ ఎముక చిట్లింది. ఆ సంగతి ఎన్నో ఏళ్ల తర్వాత ఎక్స్‌రేలో గానీ బయటపడలేదు.

‘ది జనరల్’ 1926 నాటిది. అమెరికా అంతర్యుద్ధంలో, 1862లో నిజంగా జరిగిన ఒక రైలింజన్ అపహరణ దానికి ఆధారం. ఒరెగాన్‌లోని కాటేజ్ గ్రోవ్ దగ్గర షూటింగ్ చేశారు. కాలుతున్న వంతెన మీద నుంచి ఇంజన్ నదిలో కూలే దృశ్యానికి బొమ్మ ఇంజన్ వాడలేదు, అసలు ఇంజన్‌నే పడేశారు. ఈరోజు గొప్ప చిత్రాల జాబితాల్లో కనబడే ఈ సినిమా అప్పట్లో పెట్టిన డబ్బులు రాబట్టలేదు. విమర్శకులూ పెదవి విరిచారు. 1928 నాటి ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లో ఇంటి ముందు గోడ మొత్తం ఆయన మీద పడుతుంది. తెరిచి ఉన్న కిటికీ సరిగ్గా ఆయన నిలబడ్డ చోటికి వస్తుంది. అంగుళాలు తప్పితే ప్రాణం పోయేది.

అదే ఏడాది ఆయన ఎంజీఎం స్టూడియోలో చేరారు. వద్దని చాప్లిన్ లాంటివాళ్లు చెప్పినా వినలేదు. అక్కడ తీసిన ‘ది కెమెరామన్’ బాగానే వచ్చింది. ఆ తర్వాత కథ, షూటింగ్, ఎడిటింగ్ అన్నీ స్టూడియో చేతుల్లోకి వెళ్లిపోయాయి. తాగుడు ముదిరింది. 1932లో భార్య నాటలీ టాల్మడ్జ్ విడాకులు తీసుకున్నారు. ఇద్దరు కొడుకుల ఇంటిపేరు కూడా తల్లి ఇంటిపేరుగా మారింది. 1933లో స్టూడియో ఉద్యోగం పోయింది. కొన్నేళ్లకు అదే స్టూడియోలో వేరేవాళ్ల సినిమాలకు హాస్య సన్నివేశాలు రాసిపెట్టే పనికి కుదిరారు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. చాప్లిన్ తన సినిమాల హక్కులు తన దగ్గరే ఉంచుకుని వాటిని భద్రపరిచారు. కీటన్ పేరుతో కంపెనీ ఉన్నా, అందులో ఆయనకు వాటా లేదు. పైగా ఆ కాలం ఫిల్మ్ నైట్రేట్‌తో చేసినది. సులభంగా అంటుకుంటుంది, కాలం గడిస్తే పొడిగా రాలిపోతుంది. పట్టించుకునేవాళ్లు లేకపోతే సినిమా అక్కడితో సరి.

1940లో ఎలీనర్ నోరిస్‌ను పెళ్లాడాక జీవితం కుదుటపడింది. 1949లో విమర్శకుడు జేమ్స్ ఏజీ లైఫ్ పత్రికలో మూకీ హాస్యం గురించి రాసిన వ్యాసంతో జనానికి ఆయన మళ్లీ గుర్తొచ్చారు. 1950ల్లో బెవర్లీ హిల్స్‌లోని కీటన్ పాత ఇంట్లో నటుడు జేమ్స్ మేసన్ ఉండేవారు. అక్కడ మూలన పడి ఉన్న రీళ్లు బయటపడ్డాయి. అవి కీటన్ సినిమాలే. రేమండ్ రోహావర్ అనే ప్రదర్శకుడు వాటినీ, మరికొన్నింటినీ చేరదీసి, చెడని ఫిల్మ్ మీదికి ఎక్కించి మళ్లీ ప్రదర్శించారు. 1960లో గౌరవ ఆస్కార్ అందింది. 1965లో వెనిస్ ఉత్సవంలో ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. 1966 ఫిబ్రవరి 1న ఆయన కన్నుమూశారు.

‘ది జనరల్’ కాపీరైట్‌ను ఎవరూ పొడిగించకపోవడంతో, ఎవరైనా ఎలాంటి ప్రింటుతోనైనా డిస్కు అమ్ముకోవచ్చు. నేను కొన్నది అలాంటిదే. ఇటలీలోని బొలోన్యా సినిమా భాండాగారం 2015లో కీటన్ సినిమాల పునరుద్ధరణ మొదలుపెట్టింది. చెల్లాచెదురైన ప్రింట్లను పోల్చి, బాగున్న భాగాలు ఏరి కూర్చడం పెద్ద పని. 2020లో క్రైటీరియన్ సంస్థ ‘ది కెమెరామన్’ను చక్కటి బ్లూరేగా తెచ్చింది.

ఏ పాత సినిమాలకు ఇలాంటి మంచి విడుదల దక్కాలని అడిగితే నా జవాబు ఇదే. తీసినవాడి చేతిలో హక్కులు లేక, కాపాడేవాళ్లు లేక నలిగిపోయినవాటికి ముందు వరస ఇవ్వాలి. పేరున్న సినిమాలకు దిక్కు ఎలాగూ ఉంటుంది. ఈ బాధ మనకూ తెలుసు. 1921 నాటి మన ‘భీష్మ ప్రతిజ్ఞ’ను ఈరోజు పిల్లలకు చూపిద్దామంటే ప్రింటే లేదు.

మీ ఇంట్లో మొదలుపెట్టాలంటే ఇరవై నిమిషాల ‘వన్ వీక్’, ఆ తర్వాత ముప్పావుగంట ‘షెర్లాక్ జూనియర్’ చాలు. భాషతో పనిలేదు కాబట్టి, ఊరి నుంచి వచ్చిన తాతయ్య, నాన్నమ్మ కూడా పిల్లల పక్కన కూర్చుని నవ్వుకోవచ్చు. లైబ్రరీలో అడిగేటప్పుడు మాత్రం రీస్టోర్ చేసిన ప్రింటేనా అని ఒక్కసారి చూసుకోండి.