కృష్ణయ్యగారి కూతురు

తిరుమల ఆనందనిలయంలో రాత్రి చిట్టచివర జరిగే సేవకు ఏకాంతసేవ అని పేరు. భోగశ్రీనివాసమూర్తి పట్టెమంచంపై శయనించే ఆ వేళ తాళ్లపాకవారి లాలి వినిపిస్తుంది. తరిగొండవారి ముత్యాలహారతి వెలుగుతుంది. పళ్లెంలో ముత్యాలతో రోజుకొక అవతారమూర్తిని తీర్చి స్వామికి ఆ హారతి పడతారు. జగత్తును మేల్కొలిపే దేవుడు నిద్రకు ఉపక్రమించే ముందు చూసే కడపటి వెలుగు అది. అది ఎవరి పేరున వెలుగుతున్నదో ఎరుగుదురా? శుభకార్యాలకు ఎదురు రావద్దని లోకం శాసించిన ఒక బాలవితంతువు పేరున. ఆమెయే మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ.

ఆ తల్లి చరిత్రను మన ఆర్మూరు ప్రాంతపు గృహస్థులకు వినిపించడానికి ఒక కారణం ఉన్నది. పసుపు మన నేలకు ప్రాణం. జ్యేష్ఠాషాఢాలలో నాటిన విత్తనం పుష్యమాఘాలు వచ్చేసరికి తవ్వకానికి వస్తుంది. తవ్వినది ఏరి, ఉడకబెట్టి, ఆరబోసి, మార్కెట్టుకు చేర్చేదాకా ఆ పంట వెంట ఉండే చేతులలో ఎక్కువ స్త్రీలవే. వారిలో భర్తను కోల్పోయినవారు ఎందరో ఉన్నారు. పగలంతా పసుపులో మునిగిన ఆ చేతులకు, సాయంత్రం పక్కింటి పేరంటంలో చిటికెడు పసుపు దొరకదు. ఎవరూ పొమ్మనరు; వారే పిలుపు రాకముందే వంటింటి వైపు తప్పుకుంటారు. దశాబ్దాలుగా ఇళ్లలో వ్రతాలు చేయిస్తున్నవాడిని కనుక ఆ తప్పుకోవడాన్ని నేను చాలాసార్లు గమనించాను. భర్త పోయిన దుఃఖం కాలంతో కొంత సర్దుకుంటుంది. తాను అశుభమని తన ఇంటివారే నమ్ముతున్నారన్న దుఃఖం అలా సర్దుకోదు. ఒకరోజుతో పోయేది కాదది. ప్రతి పండుగకూ, ప్రతి పెళ్లికీ కొత్తగా పుడుతుంది.

వెంగమాంబ దానిని ఎలా దాటిందో చూడండి.

మదనపల్లె ప్రాంతంలో, గుర్రంకొండకు సమీపాన తరిగొండ అనే గ్రామం ఉన్నది. చిరకాలం చిత్తూరు జిల్లాలో ఉన్న ఊరు. అక్కడ వెలసిన లక్ష్మీనృసింహస్వామి సన్నిధికి చేరువలో కానాల కృష్ణయ్య, మంగమాంబ అనే దంపతులు నివసించేవారు. వసిష్ఠగోత్రులు. వారికి 1730 ప్రాంతంలో, నృసింహజయంతి నాడు వెంగమాంబ జన్మించింది. బాల్యంలోనే ఆ పిల్ల తోటివారితో ఆడక, ఏకాంతంలో కూర్చుని స్వామితో మాట్లాడుకునేదట. పాటలు కట్టి పాడుకునేదట. భక్తుల చరిత్రలలో ఇటువంటి మాటలు చదివినప్పుడు మనకు కన్నులు చెమ్మగిల్లుతాయి. మన ఇంట్లో బిడ్డ అలా ఉంటే మాత్రం భయం కలుగుతుంది. కృష్ణయ్యకూ భయమే కలిగింది. ఊరివారు పిల్లకు మతి చలించిందన్నారు. పెళ్లి చేస్తే కుదుటపడుతుందని ఆ కాలంలో అందరు తండ్రులూ అనుకున్నట్లే ఆయనా అనుకున్నాడు. ఇంజేటివారి అబ్బాయి వేంకటాచలపతికి ఇచ్చి బాల్యంలోనే వివాహం జరిపించాడు. కొద్దికాలానికే ఆ అల్లుడు కన్నుమూశాడు.

ఇక ఆనాటి ఆచారం ఎలా ఉండేదో మీకు చెప్పనక్కరలేదు. గాజులు, పూలు, కుంకుమ, పసుపు, తలవెంట్రుకలు, అన్నీ ఒక్కరోజున పోవాలి. బ్రాహ్మణకుటుంబం కనుక నిర్బంధం మరింత ఎక్కువ. వెంగమాంబ వీటిలో ఏ ఒక్కటీ విడిచిపెట్టడానికి అంగీకరించలేదు. ఆమె మొండితనంతో కాదన్నదని ఊరు అనుకున్నది. నిజానికి ఆమెకు తాను ఎవరో తెలుసు. వేంకటేశ్వరుడే తన భర్త, ఆయనకు మరణం లేదు కనుక తాను నిత్యసువాసిని అని ఆమె నిశ్చయం. ఈ మాటను కేవలం భావావేశంగా కొట్టిపారవేయడం సులభం. కాని ఒక్కసారి ఆలోచించండి. బొమ్మలాటలైనా తీరని వయస్సులో, చుట్టూ ఉన్నవారందరూ నీవు ఇది అని ఒక పేరు పెట్టి పిలుస్తుండగా, నేను అది కాను, ఇది అని స్థిరంగా చెప్పగలగడం సామాన్యమా? వేదాంతం చదివి ముసలితనంలో కూడా మనలో ఎందరికి ఆ స్థైర్యం చిక్కుతున్నది?

అయితే ఆ స్థైర్యం ఒక్క వెంగమాంబలోనిదే అనుకుంటే కృష్ణయ్యకు అన్యాయం చేసినవారమవుతాము. ఆయన స్థితిని తలచుకోండి. పిచ్చిది అన్న కూతురు, ఇప్పుడు విధవ అయింది. ఆపైన ఆచారాన్ని ధిక్కరిస్తున్నది. ఊరి పెద్దల మధ్య తిరగవలసినవాడు ఆయనే. వెలి అనే భయం ఒకవైపు, కడుపుతీపి మరొకవైపు. నాలుగు గోడల మధ్య బిడ్డను బలవంతపెట్టడం ఆయనకు చేతకాని పని కాదు. ఆనాడు ఎన్ని ఇళ్లలో అది జరగలేదు? కాని ఈ బిడ్డ విషయంలో ఆయన ఆ దారి తొక్కలేదు. మదనపల్లెలో ఉన్న రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రిగారి శిష్యరికంలో ఆమెను ప్రవేశపెట్టాడు. పెళ్లితో కుదురుతుందనుకున్న బిడ్డను ఈసారి చదువు వైపు నడిపించాడు. ఆయన పూర్తిగా మారిపోయాడని నేను అనను. లోకభయం ఆయనను చివరిదాకా వెన్నాడే ఉంటుంది. కాని బిడ్డ తనను తాను ఏమని ఎరిగిందో దానిని చెరపడానికి ఆయన పూనుకోలేదు. తల్లిదండ్రులు చేయగలిగిన ఉపకారాలలో ఇది చిన్నది కాదు.

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు సాగుతాను. విధవను మూల కూర్చోబెట్టడం వేదవిహితమని కొందరు గృహస్థులు నాతోనే వాదించారు. ఋగ్వేదం పదవ మండలంలోని పద్దెనిమిదవ సూక్తాన్ని చూడమని వారికి నా విన్నపం. భర్త కళేబరం పక్కన పడి ఉన్న స్త్రీని అక్కడినుండి లెమ్మని, జీవించి ఉన్నవారి లోకానికి తిరిగి రమ్మని అక్కడి ఎనిమిదవ మంత్రం పిలుస్తుంది. శ్రుతి రమ్మన్న చోటికి మనం రావద్దంటున్నాము.

సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ఉపదేశం వెంగమాంబ జీవితానికి ఒక ఒరవడి ఇచ్చింది. యోగమార్గం పట్టుబడింది. కవిత్వం ధారకట్టింది. బాల్యంలో ఓనమాలైనా గురువు చెంత కూర్చుని సక్రమంగా నేర్వలేదని, తనచేత పలికించినది తరిగొండ నృసింహుడేనని ఆమె తన గ్రంథపీఠికలో వినయంగా చెప్పుకున్నది. తరిగొండ నృసింహశతకం, నృసింహవిలాసకథ, బాలకృష్ణనాటకం వంటివి తరిగొండ కాలపు రచనలు. మీలో ఎవరికైనా ఆమె గ్రంథాలు లభిస్తే ఒక్క విషయం గమనించండి. ఆశ్వాసం చివర కవులు తమను గురించి చెప్పుకునే గద్య ఒకటి ఉంటుంది. అక్కడ వెంగమాంబ నృసింహుని కరుణను చెప్పి, వసిష్ఠగోత్రాన్ని చెప్పి, తాను కృష్ణయ్య కూతురినని చెప్పుకుంటుంది. గోత్రం కూడా పుట్టింటిదే. అత్తవారి పేరు లేదు. వైధవ్యం ప్రసక్తి లేదు. తండ్రి పేరు మాత్రం గ్రంథమున్నంత కాలం ఉంటుంది. ఆమెకు తండ్రితో గల బంధం ఎటువంటిదో తెలుసుకోవడానికి మనకు వేరే కథలు అక్కరలేదు.

ఊరు ఊరుకోలేదు. ఆ ప్రాంతానికి విచ్చేసిన ఒక పీఠాధిపతి ఎదుట ఆమెను నిలబెట్టి, శిరోముండనం చేయించుకొమ్మని ఒత్తిడి తెచ్చారని పెద్దలు చెబుతారు. పీఠం దిగితే నమస్కరిస్తానని ఆమె అన్నదట. ఆయన దిగిన పిదప ఆ ఖాళీ ఆసనానికి నమస్కరించగా అది భగ్గుమన్నదట. అగ్నిసంగతి భక్తుల విశ్వాసానికి విడిచిపెడదాము. నా మనస్సును పట్టినది వేరు. ఆమె పెద్దలను తూలనాడలేదు, పారిపోలేదు, తన మాట మార్చుకోలేదు. తరువాత తరిగొండ ఆలయంలో ఆంజనేయస్వామి విగ్రహం వెనుక కూర్చుని ధ్యానం చేసుకుంటూ ఉంటే అర్చకుడు చూసి అవమానించి వెడలగొట్టాడని చెబుతారు. అర్చకవృత్తిలో ఉన్నవాడిగా ఈ ఘట్టం వద్దకు వచ్చినప్పుడల్లా నాకు తలవంపుగా ఉంటుంది. ఆపైన ఆమె తరిగొండ విడిచి, తన స్వామి కొండకు చేరుకున్నది.

తిరుమలలో ఆమెకు ఆదరణ లభించింది. నివాసం ఏర్పడింది. తులసివనం పెంచుకుంటూ, రాత్రి స్వామికి హారతి ఇచ్చుకుంటూ కాలం గడిపింది. అయితే కొండ మీద మాత్రం మనుషులు ఉండరా? ఇరుగింటివారు ఎంగిలి విస్తళ్లు ఆమె పెరట్లోకి విసిరేవారట. ఒకనాడు ధ్యానంలో ఉండగా అవి ఆమె మీదనే పడ్డాయట. అప్పుడామె ఆగ్రహించి ఆ వంశాన్ని శపించిందని, వారు వచ్చి పాదాలపై పడగా శాపాన్ని చాలావరకు ఉపసంహరించిందని కథ. ఈ కథ చెప్పేటప్పుడు కొందరు ఉపన్యాసకులు శాపభాగాన్ని దాచిపెడతారు, మహాయోగినికి కోపమేమిటని. దాచవలసిన పని లేదు. జీవితమంతా అవమానం మోసిన మనస్సుకు ఒకనాడు మంట పుట్టడం సహజం. ఆ మంటను తన నివాసంగా చేసుకోకపోవడంలోనే ఆమె యోగం ఉన్నది. కోపం వచ్చిన చోటు విడిచి, దట్టమైన అడవిలో తుంబురుతీర్థం సమీపానికి తరలిపోయి, అక్కడ కొన్ని సంవత్సరాలు ఒంటరిగా తపస్సు చేసింది. తిరిగి వచ్చేసరికి లోకం మీద ఫిర్యాదు మిగలలేదు. కొండ మీద ఆమె రచించిన వేంకటాచలమాహాత్మ్యాన్ని, ద్విపద భాగవతాన్ని చదివినవారికి ఆ ప్రసన్నత కనబడుతుంది.

ఆమె ఎన్నుకున్న కథావస్తువులు చూడండి. వాసిష్ఠరామాయణాన్ని ద్విపదలో రచించింది. ఆ గ్రంథం ఎక్కడ మొదలవుతుందో మీకు తెలుసు. యౌవనంలో ఉన్న శ్రీరాముడు తీర్థయాత్రల నుండి తిరిగి వచ్చి, దేనిమీదా ఆసక్తి లేక, చిక్కి శల్యమై కూర్చుంటాడు. దశరథునికి దిక్కు తోచదు. అప్పుడు సభలో ఎవరూ రాముణ్ణి మందలించలేదు, ఎగతాళి చేయలేదు. నీ మనస్సులో ఉన్నది చెప్పమన్నారు. చెప్పినంతసేపూ విన్నారు. ఆ పిదపనే వసిష్ఠుడు నోరు విప్పాడు. పిల్లలు ముభావంగా గదిలో కూర్చుంటే వెంటనే ఉపన్యాసానికి దిగే మన ఇళ్లలో ఈ క్రమం ఎంత అరుదో గదా! బాల్యంలో ఒంటరిగా కూర్చుని పిచ్చిదనిపించుకున్న బిడ్డ, పెద్దయ్యాక ఈ గ్రంథాన్నే తెలుగు చేయడం నాకు యాదృచ్ఛికంగా తోచదు. అలాగే రాజయోగామృతసారంలో కపిలమహర్షి తన తల్లి దేవహూతికి ఉపదేశిస్తాడు. భర్త అడవికి వెళ్లిపోగా ఒంటరియైన తల్లి అడుగుతుంది, కొడుకు ఓపికగా చెబుతాడు. ద్విపద స్త్రీలు కూడి పాడుకునే ఛందస్సు. శాస్త్రం అందనివారికి ఆత్మవిచారం అందాలనే ఆమె ఉద్దేశమని నా అభిప్రాయం.

1817 శ్రావణమాసంలో వెంగమాంబ తిరుమలలోనే సమాధిస్థితి పొందింది. అప్పటికి ఎనభై ఆరేడేళ్ల వయస్సు. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతువివాహం జరిపించిన 1881కి అది అరవైనాలుగేళ్లకు ముందు మాట. మనకు పొరుగున ఉన్న మహారాష్ట్రలో, కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామసభ, భర్త పోయిన స్త్రీ బొట్టు చెరపడం, గాజులు పగులగొట్టడం వంటివి ఇకపై తమ ఊరిలో జరగరాదని 2022 మే నెలలో తీర్మానించింది. ఒక పంచాయతీ అంతటి తీర్మానం చేయవలసి వచ్చిందంటే వెంగమాంబ నాటి ఊరు ఇంకా ఎక్కడికీ పోలేదని అర్థం.

తిరుమలలో నేడు వేలాది భక్తులు నిత్యం భోజనం చేసే విశాలమైన భవనం 2011లో ప్రారంభమైంది. దానికి మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టారు. కడుపున బిడ్డలు లేని ఆమెను లోకం మాతృశ్రీ అని పిలుస్తున్నది. అన్నప్రసాదం స్వీకరించిన తరువాత మీలో చాలామంది నేరుగా బస్సు దగ్గరకు వెళ్లిపోతారు. ఈసారి కొంత నిదానించండి. ఆలయానికి ఉత్తరదిశగా, పాఠశాల ఆవరణలో ఆమె బృందావనం ఉన్నది. మన చేలలో పండిన పసుపు చిన్న పొట్లం ఒకటి వెంట తీసుకువెళ్లండి. ఇంట్లో తల్లిగానీ, అత్తగారుగానీ, అక్కగానీ పేరంటాల వేళ వంటింటి వైపు తప్పుకునేవారుంటే, ఆ పసుపును అక్కడ వారి చేతనే సమర్పింపజేయండి. తిరిగి ఇచ్చిన ప్రసాదాన్ని వారి నుదుటనే ముందు పెట్టండి.