ఇంటి బరువెంత అని అడిగిన మనిషి

కలమల్ల అనగానే మనకు రెండు గుర్తొస్తాయి. ఒకటి ఆర్.టి.పి.పి. పొగగొట్టాలు. రెండోది చెన్నకేశవస్వామి గుడిలో దొరికిన శాసనం. రేనాటి చోళుడు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించిన ఆ శాసనమే ఇప్పటికి దొరికిన తొలి తెలుగు శాసనమని పండితుల మాట. రాతి మీద చెక్కారు కాబట్టే మనదాకా వచ్చింది. మన వైపు ఇంటి విషయంలోనూ అదే నమ్మకం. నాపరాళ్ల గోడలు, పైన మట్టిమిద్దె, ఇప్పుడైతే స్లాబు. ఎంత బరువుంటే అంత గట్టి అని పెద్దల లెక్క.

ఈ లెక్కను తిరగేసి, ఇల్లు ఎంత తేలికగా ఉంటే మనిషికి అంత మేలని జీవితాంతం వాదించిన అమెరికన్ ఒకాయన ఉన్నాడు. పేరు రిచర్డ్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్. మనం పుస్తకంలో జియోడెసిక్ డోమ్ బొమ్మ చూసి పేజీ తిప్పేస్తాం కదా, ఆ బొమ్మ వెనక ఉన్న మనిషి ఈయనే.

1895 జూలై 12న మసాచుసెట్స్ రాష్ట్రంలోని మిల్టన్‌లో పుట్టాడు. హార్వర్డ్‌లో చేరితే రెండుసార్లు బయటికి పంపేశారు. డిగ్రీ చేతికి రాలేదు. బట్టల మిల్లులో మెకానిక్‌గా చేశాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో నౌకాదళంలో పనిచేశాడు. 1917లో ఆన్ హ్యూలెట్‌ను పెళ్లి చేసుకున్నాడు. మరుసటి ఏడు కూతురు అలెగ్జాండ్రా పుట్టింది. ఆ పాపకు వరసగా జబ్బులు చేశాయి. 1922లో, నాలుగేళ్లు నిండకముందే చనిపోయింది. చెమ్మ పట్టిన, చలిగాలి దూరే ఇళ్లే పాప ప్రాణం తీశాయన్న బాధ ఆయన్ని వదల్లేదు.

మామగారితో కలిసి తేలికపాటి ఇటుకలతో ఇళ్లు కట్టే కంపెనీ నడిపాడు. 1927లో అదీ చేజారింది. అదే ఏడు రెండో కూతురు అలెగ్రా పుట్టింది. చేతిలో పైసా లేదు, ఒళ్లో పసిబిడ్డ. అప్పుడు ఆయన మళ్లీ ఉద్యోగం వెతుక్కోకుండా, మనుషులకు చవగ్గా, ఆరోగ్యంగా ఉండే ఇల్లు ఎలా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు. విమానాలు ఫ్యాక్టరీలో తయారవుతున్నప్పుడు ఇళ్లు ఎందుకు కావు అన్నది ఆయన ప్రశ్న. ఆ ఆలోచన నుంచి డైమాక్సియన్ హౌస్ పుట్టింది. రెండో యుద్ధం ముగిశాక కాన్సాస్‌లోని విచిటాలో, బీచ్ విమానాల కంపెనీలో అల్యూమినియంతో గుండ్రటి ఇంటి నమూనాలు కట్టారు. బరువు సుమారు 3 టన్నులే. జనం ఎగబడినా, డిజైన్ ఇంకా పూర్తి కాలేదని ఫుల్లరే ఉత్పత్తికి ఒప్పుకోలేదు. ఆ కంపెనీ కూడా మునిగింది.

1948 వేసవిలో నార్త్ కరోలినాలోని బ్లాక్ మౌంటెన్ కాలేజీలో విద్యార్థులతో కలిసి మొదటి పెద్ద డోమ్‌కు ప్రయత్నించాడు. కిటికీ బ్లైండ్లకు వాడే సన్నటి పట్టీలతో అల్లారు. అది లేవనే లేదు, నేల మీద వాలిపోయింది. 1949లో విమానాలకు వాడే అల్యూమినియం గొట్టాలతో మళ్లీ కట్టారు. ఈసారి విద్యార్థులు దాన్ని పట్టుకుని వేలాడినా చెక్కుచెదరలేదు. నిజానికి 1920లలోనే జర్మనీలోని జేనాలో వాల్టర్ బావర్స్‌ఫెల్డ్ అనే ఇంజనీరు ప్లానెటేరియం కోసం ఇలాంటి గోపురం కట్టాడు. ఫుల్లర్ చేసిన పని దాని గణితాన్ని విస్తరించి, ఇల్లుగా, గిడ్డంగిగా, ఎక్కడైనా నిలబెట్టగల పద్ధతిగా మార్చడం. 1954లో పేటెంట్ వచ్చింది.

ఇందులో కిటుకేమిటి? నాలుగు కర్రలను మూలల్లో మేకులు కొట్టి కలిపితే, నులక వదులైన మంచంలాగా ఒక పక్కకు వంకర పోతుంది. మూడు కర్రలు కలిపితే పోదు. డోమ్ అంతా త్రికోణాలే. ఒక చోట పడ్డ బరువు చుట్టూ ఉన్న కర్రలన్నింటికీ పంచుకుపోతుంది. మధ్యలో స్తంభం అక్కర్లేదు. ఇంకో లాభం లెక్కలో ఉంది. ఒకే ఘనపరిమాణానికి, నేలను వదిలేసి, అర్ధగోళం పైతలం చదరపు పెట్టె పైతలం కంటే దాదాపు 23 శాతం తక్కువ. కావాలంటే రెండు నిమిషాల్లో వేసి చూడండి. పైతలం తగ్గితే సామాను తగ్గుతుంది, లోపలికి దూరే ఎండా తగ్గుతుంది. గాలి కొడితే గుండ్రటి ఒంటి మీద నుంచి జారిపోతుంది. మన కోస్తాలో చుట్టిళ్లు కట్టిన వాళ్లకు ఈ సంగతి ఏ పేటెంటూ లేకుండానే తెలుసు.

1953లో డియర్‌బోర్న్‌లో ఫోర్డ్ కంపెనీ రోటుండాకు 93 అడుగుల డోమ్ వేశాడు. బరువు సుమారు 8.5 టన్నులు. 1956లో కాబూల్ ఎగ్జిబిషన్‌కు డోమ్ విమానంలో వెళ్లింది. ఎప్పుడూ అలాంటిది చూడని అక్కడి కూలీలు రంగుల గుర్తులను బట్టి ముక్కలు కలిపి రెండు రోజుల్లో నిలబెట్టేశారు. 1967లో మాంట్రియల్ ఎక్స్‌పో కోసం 76 మీటర్ల వ్యాసంతో కట్టింది అన్నిటికన్నా పేరు తెచ్చింది.

తను చెప్పిన ఇంట్లో తను ఉన్నాడా అంటే, ఉన్నాడు. 1960లో ఇల్లినాయిస్‌లోని కార్బన్‌డేల్‌లో 60 ప్లైవుడ్ త్రికోణాలతో డోమ్ ఇల్లు ఒక్క రోజులో లేచింది. ఆన్‌తో కలిసి 1971 దాకా అందులోనే కాపురం. కానీ వాన నీళ్లు కారేవి. 60 త్రికోణాలంటే ఎనభై దాకా అతుకులు, ప్రతి అతుకూ నీటికి ఒక దారే. రోటుండా డోమ్‌కూ ఇదే రోగం. 1962లో లీకుల మరమ్మతుకు తారు వేస్తుండగా నిప్పంటుకుని భవనమే కాలిపోయింది. మాంట్రియల్ డోమ్ అక్రిలిక్ తొడుగు 1976లో మంటల్లో పోయింది. ఉక్కు చట్రం మాత్రం నిలిచింది, ఇప్పుడది పర్యావరణ మ్యూజియం. ఆయన లెక్క ప్రకారం అల్లిన ఎముకలు ఎక్కడా ఓడిపోలేదు, పైన కప్పిన చర్మం దగ్గరే కష్టమంతా.

మన దేశంతోనూ ఆయనకు చుట్టరికం ఉంది. ఆయన స్ఫూర్తితో గౌతమ్, గీరా సారాభాయ్‌లు అహ్మదాబాద్‌లో కాలికో డోమ్ కట్టించారు. 1969లో ఢిల్లీలో నెహ్రూ స్మారకోపన్యాసం ఇచ్చింది ఫుల్లరే. 1983 జూలై 1న, ఆసుపత్రిలో స్పృహ లేని భార్య దగ్గరుండగా గుండెపోటుతో పోయాడు. ఒకటిన్నర రోజుకు ఆమె కూడా పోయింది. రెండేళ్లకు శాస్త్రవేత్తలు 60 కార్బన్ పరమాణువుల గోళాన్ని కనిపెట్టి దానికి ఆయన పేరే పెట్టారు. ఆ పనికి 1996లో నోబెల్ వచ్చింది.

మరి మే నెల ఎండలో కలమల్లలో డోమ్ ఇల్లు కడితే? ఉత్త రేకుతో కప్పితే పెనం మీద కూర్చున్నట్టే. మట్టిమిద్దె మందం పగటి వేడిని సాయంత్రం దాకా ఆపుతుంది, పల్చటి తొడుగు ఆపలేదు. కాబట్టి తొడుగు కింద వేడిని ఆపే పొర వేయాలి. నెత్తిన మిద్దె ఇంటి గవాచిలాంటిది పెట్టి, కింద గాలి దారులు వదలాలి. వేడిగాలి పైనుంచి పోతే చల్లగాలి కిందినుంచి వస్తుంది. అతుకుల సంగతి మాత్రం కట్టకముందే తేల్చుకోవాలి.

ఇక ఫుల్లర్ ఆర్కిటెక్టులను అడిగే ప్రశ్న ఒకటుంది: మీ భవనం బరువెంత? చాలామంది దగ్గర జవాబుండేది కాదు. సిమెంటు ఫ్యాక్టరీల మధ్య పెరిగి, రేపు డిజైన్లు వేయబోయే మనం ఈ ప్రశ్నను తప్పించుకోలేం. ప్రతి బస్తా సిమెంటు వెనకా తవ్విన కొండ, కాల్చిన బొగ్గు ఉన్నాయి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో ఎస్టిమేట్ వేసేటప్పుడు రూపాయల కాలమ్ పక్కన టన్నుల కాలమ్ కూడా ఒకటి గీద్దాం. ఇల్లు రాతితో కట్టినా త్రికోణాలతో కట్టినా, అందులో పసిబిడ్డ చెమ్మ లేకుండా, ఉడికిపోకుండా నిద్రపోవాలి. ఆయన మొదలుపెట్టింది అక్కడి నుంచే.